సమస్య: పుట్టగొడుగు కత్తి పట్టి వచ్చె

నిర్వాహకుడు: ఈ వారం పాదం ఇదే, ఇది చివరి పాదంగా పద్యం పూరించండి. ఇంట్లో కుర్రాడు వార్‌హామర్ 40,000 అనే అంతరిక్ష యుద్ధపు బల్లాట బొమ్మలకు పచ్చరంగు పూస్తుంటే తట్టింది. అంతరిక్ష యుద్ధాల ఆటల్లో సైనికులు శత్రువులకు పెట్టే వెక్కిరింత పేరు ఒకటైనా పద్యంలో ఉండాలి. యతి లేదని ఎవరూ మెసేజ్ పెట్టొద్దు, ప్రాసయతి (పుట్ట–పట్టి) చూసుకోండి.

తోకపద్యం:
పచ్చతోలుగాండ్రు భటుల నోటను వారు
నేల రాలు పొడియె నెత్తురెక్కి
చచ్చినట్టె చచ్చి జయము చాటెడి వేళ
పుట్టగొడుగు కత్తి పట్టి వచ్చె

వార్‌హామర్‌లో ఓర్క్‌లనే పచ్చతోలు రాక్షసులు ఫంగస్ జాతి. చస్తూ చస్తూ సిద్ధబీజాలు చల్లిపోతాయి, అందుకే ఇంపీరియల్ గార్డు (మనుషుల సైన్యం) వాళ్ళు యుద్ధం గెలిచాక కూడా శవాలు తగలబెడుతూ కూర్చోవాలి. గ్రీన్‌స్కిన్స్ అంటారు వాటిని, 1987 నుంచీ ఉన్న ఆట, తెలియనివాళ్ళ కోసం చెబుతున్నా.

గండపెండేరం: "నెత్తురెక్కి" భలే పడింది, కాదనను. కానీ మూడో పాదంలో చచ్చిందెవరు, జయం చాటిందెవరు? మీ అన్వయం ప్రకారం పాపం ఆ సైనికుడే చచ్చి జయం చాటుతున్నాడు. మీకిది కొత్తేం కాదు లెండి.

తోకపద్యం: ఎత్తిపొడుపులు తర్వాత, ముందు మీ పద్యం పెట్టండి మాస్టారూ.

గండపెండేరం:
పురుగులనుచు భటులు పోల్చి నవ్విరి గాని
నింగి నుండి వాన నీరు కాదు
తెలిసి బంటొకండు తెగటార్ప చెదలున్న
పుట్ట, గొడుగు కత్తి పట్టి వచ్చె

అదే ఆటలో పురుగుల్లాంటి గ్రహాంతర జీవులు టైరనిడ్‌లను 'బగ్స్' అని కొట్టిపారేస్తారు గానీ అవి దిగేది పైనుంచి రాలే బీజకోశాల్లో. గొడుగు అందుకే.

ఆటగాడు: అబ్బ! 'పుట్ట'ని పై పాదానికి తగిలించి అసలు పుట్టగొడుగునే మాయం చేసేశారు. మైసెటిక్ స్పోర్ (ఆ బీజకోశం పేరే) నెత్తిన పడుతుంటే గొడుగు పట్టినవాడు ఎలా బతికాడో మాత్రం అడగను.

తోకపద్యం: విరుపు బాగుంది. మరి "తెగటార్ప చెదలున్న" ఏమిటి? ద్రుతం ("తెగటార్పన్" చివరి నకారం) మీద పరుషం "చ" సరళం "జ" కాకుండా అలాగే కూర్చుంది, "తెగటార్పఁ జెదలున్న" కావాలి కదా. నా అన్వయం భూతద్దం పెట్టి చూసినవారికి సొంత పద్యంలో సరళాదేశం కనబడలేదా?

గండపెండేరం: పోయిన నెల హేలో అనే వీడియో గేమ్ మీది పద్యంలో గ్రంట్ (అందులో గ్రహాంతర సైనికుడు) వీపు మీద "ప్రాణవాయువు" మోయించినవారు నాకు సంధులు నేర్పుతున్నారు. అవి పీల్చేది మీథేన్ అండీ!

తోకపద్యం: ఎవడి ప్రాణం నిలబెట్టే వాయువు వాడికి ప్రాణవాయువు. గ్రంట్‌కి మీథేనే. పైగా యతి కూడా కుదిరింది.

నిర్వాహకుడు: హేలో గొడవ పాత పోస్టు కిందకి పట్టుకెళ్ళండి బాబూ, ఇక్కడొద్దు. "జెదలున్న" నేనే దిద్దేస్తున్నాను.

ఆటగాడు: మూడో పాదం "చచ్చెననుచు మనము జయము చాటెడి వేళ" అంటే అన్వయం సరిపోదా అన్నా?

గండపెండేరం: భేష్. కుర్రాడికి తెలిసింది.

తోకపద్యం: సరిపోతుంది తమ్ముడూ, కానీ "చచ్చినట్టె చచ్చి"లో ఓర్క్‌గాడి పొగరుంది, అది పోయింది. నేను మార్చను.