ముట్లుడిగాక పెరిగిన ఎల్‌డీఎల్‌కి హార్మోన్ మాత్రలే మందా?

ప్రశ్న:
వయసు 51. తిండి మారలేదు, బరువూ పెరగలేదు. అయినా నెలసరి ఆగిన ఏడాదికల్లా ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 112 నుంచి 136కి, పై బీపీ 118 నుంచి 134కి చేరింది. ఇదంతా హార్మోన్ల వల్లేనా? అలాగైతే ఈస్ట్రోజెన్ (ఆడ హార్మోన్) వాడితే గుండెకూ రక్షణే కదా? వేడి ఆవిర్లు తక్కువే, గుండెదడ మాత్రం అప్పుడప్పుడూ వస్తోంది.

జవాబు 1:
ఎల్‌డీఎల్ వరకు చాలా భాగం హార్మోన్ల పనే. రక్తంలోని ఎల్‌డీఎల్‌ని పట్టి లోపలికి లాగే గ్రాహకాలు కాలేయ కణాల మీద ఉంటాయి. వాటి సంఖ్యను పెంచేది ఈస్ట్రోజెన్. అది తగ్గితే ఎల్‌డీఎల్ రక్తంలోనే ఎక్కువసేపు తిరుగుతుంది. ఈ పెరుగుదల ఆఖరి నెలసరికి అటూ ఇటూ ఒక్కో ఏడాదిలోనే ఎక్కువ, కాబట్టి మీ అంకెలు ఆశ్చర్యమేమీ కాదు. రక్తనాళాల లోపలి పొర నైట్రిక్ ఆక్సైడ్ విడుదల చేసి నాళాన్ని సడలిస్తుంది. ఆ పనికీ ఈస్ట్రోజెన్ తోడు కావాలి. అయితే బీపీలో వయసు వాటా కూడా ఉంటుంది.

ఒక్కసారి చూసిన 134ని నమ్మకండి. అయిదు నిమిషాలు మాట్లాడకుండా, వీపు ఆనించి, పాదాలు నేలకు తాకేలా కూర్చోండి. చేయి గుండె ఎత్తులో ఉండాలి. నిమిషం తేడాతో పొద్దున రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు, ఏడు రోజులు రాయండి. మొదటి రోజువి వదిలేసి సగటు తీయండి. అది 135/85 చేరినా, దాటినా డాక్టర్‌కి చూపించాలి. చేతికి కట్టే పట్టీ చిన్నదైతే బీపీ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది, చాలామంది పొరబడేది ఇక్కడే.

జవాబు 2:
గుండె కోసమే అయితే హార్మోన్లు వద్దు. 16,608 మంది మీద జరిగిన పెద్ద అమెరికా పరీక్షలో ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ (ప్రొజెస్టెరాన్ లాంటి మందు) కలిపిన మాత్రను 2002లో మధ్యలోనే ఆపేశారు. గుండెపోటు, పక్షవాతం, రక్తం గడ్డలు, రొమ్ము క్యాన్సర్ తగ్గకపోగా పెరిగాయి. వాళ్ల సగటు వయసు 63 అన్నది మరిచిపోకూడదు. అప్పటికే కొవ్వు పేరుకున్న నాళాల్లో ఈస్ట్రోజెన్ మునుపటిలా పనిచేయదు. 60 లోపు, లేదా నెలసరి ఆగిన పదేళ్లలోపు మొదలుపెట్టినవాళ్లకు ముప్పు బాగా తక్కువ. అందుకే వేడి ఆవిర్లు నిద్ర చెడగొడుతుంటే వాడటం సబబే, ఎల్‌డీఎల్‌కి మందుగా మాత్రం కాదు.

వాడాల్సి వస్తే ప్యాచ్ గానీ జెల్ గానీ మేలు. మింగిన మాత్ర ముందు కాలేయానికి చేరుతుంది. అక్కడ గడ్డకట్టించే ప్రొటీన్లనూ ట్రైగ్లిజరైడ్లనూ పెంచుతుంది. చర్మం గుండా వెళ్లేది ఆ దారి తప్పిస్తుంది. గర్భాశయం ఉన్నవాళ్లు ప్రొజెస్టెరాన్ కలపకుండా ఈస్ట్రోజెన్ వాడితే లోపలి పొర మందమై క్యాన్సర్‌కి దారితీయవచ్చు.

40 ఏళ్లలోపే నెలసరి ఆగినవాళ్ల సంగతి వేరు. ఇతర అడ్డంకులు లేకపోతే వాళ్లకు సహజంగా ఆగే వయసు దాకా, అంటే సుమారు 51 వరకు, హార్మోన్లు ఇవ్వడమే సరైన పద్ధతి.

జవాబు 3:
మొదటి జవాబుకి ఒకటి చేర్చాలి. థైరాయిడ్ మందగించినా ఎల్‌డీఎల్ పెరుగుతుంది. టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్తపరీక్ష) చూడకుండా అంతా మెనోపాజ్ (నెలసరి ఆగడం) మీదికి నెట్టకండి. గుండెదడకి కూడా ముందు ఈసీజీ, టీఎస్‌హెచ్, హిమోగ్లోబిన్ చూడాలి. ఆగేముందు నెలసరిలో రక్తం ఎక్కువగా పోయి ఉంటే రక్తహీనతతోనే దడ రావచ్చు. రోజూ వస్తుంటే 24 గంటల హోల్టర్ (ఒంటికి తగిలించుకునే ఈసీజీ యంత్రం) పెట్టించండి.

డాక్టర్ అడక్కపోయినా చెప్పాల్సినవి గర్భం నాటి సంగతులు: బీపీ పెరగడం, గుర్రపువాతం, గర్భధారణలో షుగర్, నెలలు నిండని కాన్పు. పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో నెలసరి క్రమం తప్పే సమస్య) ఉన్నా చెప్పండి. ఇవి ఎన్నేళ్ల కిందటివైనా గుండె ముప్పు లెక్కలోకి వస్తాయి. 136 ఎల్‌డీఎల్‌కి స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే మాత్ర) కావాలా వద్దా అన్నది ఒక్కోసారి వీటి మీదే తేలుతుంది. లైపోప్రొటీన్ (ఏ) అనే, వంశపారంపర్యంగా వచ్చే కొవ్వు కణాన్ని కొలిచే రక్తపరీక్ష జీవితంలో ఒక్కసారైనా చేయించండి.

ప్రశ్న అడిగినవారు:
వేడి ఆవిరికీ గుండెపోటుకీ తేడా ఎలా తెలుస్తుంది?

జవాబు 3:
వేడి ఆవిరి ముఖం, మెడ, ఛాతీ మీదుగా పాకి కొద్ది నిమిషాల్లో తగ్గిపోతుంది. ఛాతీలో బరువు, దవడకో వీపుకో పాకే నొప్పి, ఆయాసం, చల్లటి చెమట, వికారం కలిసి వస్తే ఆవిరి అనుకుని కూర్చోవద్దు, వెంటనే అంబులెన్స్ పిలవండి. మొదటి ఈసీజీ మామూలుగా వచ్చినా, ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ప్రొటీన్) పరీక్ష కొన్ని గంటల తేడాతో రెండోసారి చేసేవరకు ఆసుపత్రి వదలకండి.