వికారాబాద్ దగ్గర బావిలో రాతి నత్తలు దొరికాయి, ఎవరికి చూపించాలి?

లింగంపల్లి వాసి:
అందరికీ నమస్కారం. వికారాబాద్ దాటాక మా మామగారికి కొంచెం చెలక ఉంది. ఈ ఎండాకాలం అక్కడి పాత బావిని లోతు చేయించారు. నల్లరాయి కింద తెల్లగా, గట్టిగా ఒక పొర తగిలింది. ఆ రాళ్లన్నీ తీసి గట్టున పోశారు. ఒకదాన్ని కడిగి చూస్తే లోపల నత్తలు! పెద్దవి అంగుళం పైనే ఉన్నాయి. ఆకారం నత్తదే, పట్టుకుంటే మాత్రం మొత్తం రాయి. మామగారు "రాయిలోకి నత్తలెట్లొస్తయి బిడ్డా, ఎవరో చెక్కిన్రు" అంటున్నారు. ఆఫీసులో ఒకాయన కొంటానన్నాడు కానీ నాకు అమ్మాలని లేదు. ఇవి శాస్త్రవేత్తలకు పనికొస్తాయా? నేను సాఫ్ట్‌వేర్ వాడిని, ఈ చదువు చదవలేదు. ఫోన్ చేస్తే పట్టించుకుంటారా?

ఓయూ జియాలజీ:
ఫోటోలు చూశాను అన్నా. దక్కన్ లావా పొరల మధ్య దొరికే మంచినీటి నత్తల్లా ఉన్నాయి, వీటిని ఫైసా అంటారు. రాయి నిలబెట్టి, మొన పైకి, నోరు (నత్త తల బయటపెట్టే రంధ్రం) మీ వైపు వచ్చేలా పట్టుకుని చూడండి. ఆ నోరు మీకు ఎడమ పక్కన ఉందా? నత్తల్లో ఎక్కువ శాతం కుడి చుట్టువే. ఎడమ చుట్టు ఉంటే ఫైసా అనుకోవడానికి బలం వస్తుంది.

లింగంపల్లి వాసి:
చూశాను తమ్ముడూ. మూడింటికీ ఎడమ వైపే ఉంది!

రాళ్ల మాస్టారు:
బాబూ, నేను మల్కాజిగిరిలో ఉంటాను, హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరయ్యాను. మీ పోస్టు చదివాక ఊరుకోలేక రాస్తున్నాను, కాస్త పొడుగైనా ఓపిగ్గా చదవండి.

మన హైదరాబాద్ కింద ఉన్నది సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్. కరిగి చల్లారిన రాయి కాబట్టి అందులో శిలాజాలు దొరకవు. పడమరకు పోతే లావా రాయి మొదలవుతుంది. ఆ లావా ఒక్కసారిగా వచ్చింది కాదు, విడతలు విడతలుగా వచ్చింది. విడతకీ విడతకీ మధ్య వేల ఏళ్లు ఖాళీ దొరికిన చోట చెరువులు ఏర్పడ్డాయి, వాటిలో నత్తలు, చేపలు, కప్పలు బతికాయి. తర్వాతి లావా వచ్చి అంతా కప్పేసింది. మీ తెల్ల పొర అలాంటి చెరువు అడుగే అయ్యుండాలి. వయసు దాదాపు 6.6 కోట్ల ఏళ్లు, అంటే డైనోసార్లు అంతరించిన కాలం.

మీ వికారాబాద్ వైపే నస్కల్ అనే ఊరుంది. అక్కడి ఇలాంటి పొరలోనే డెక్కనోలెస్టిస్ అనే చిన్న క్షీరదం పళ్లు దొరికాయి. క్రెటేషియస్ కాలపు, అంటే డైనోసార్ల చివరి కాలపు క్షీరదం మన దేశంలో దొరకడం అదే మొదటిసారి. జి.వి.ఆర్. ప్రసాద్, అశోక్ సాహ్ని అనే శాస్త్రవేత్తలు 1988లో నేచర్ పత్రికలో ప్రకటించారు. ఆ పళ్లు ఆవగింజంత ఉంటాయి. చేనులో నడుస్తూ చూస్తే కంటికి ఆనవు. మట్టిని బస్తాల్లో తెచ్చి, నీళ్లలో నానబెట్టి, సన్న జల్లెళ్లలో కడిగి, మిగిలిన నూకను మైక్రోస్కోపు కింద గింజ గింజగా ఏరితే బయటపడతాయి.

అందుకే చెబుతున్నాను, ఇకమీదట ఆ రాళ్లను కడగకండి. మీరు కడిగేసే మట్టిలోనే నత్త కంటే విలువైనది ఉండొచ్చు. గట్టు మీది కుప్ప అలాగే ఉండనివ్వండి. బావి గోడలో పొర కనిపిస్తుంటే పక్కన టేపు పెట్టి ఫోటో తీయండి. నేల మట్టం నుంచి ఎన్ని అడుగుల లోతు, పొర మందం ఎంత, పైన కింద ఏ రాయి ఉంది, జీపీఎస్ అంకెలు, తేదీ, అన్నీ ఒక కాగితం మీద రాసి రాళ్లతో పాటే కవర్లో పెట్టండి. చోటు తెలియని శిలాజం షోకేసుకు తప్ప పరిశోధనకు పెద్దగా అక్కరకు రాదు. కొనేవాళ్లు అడగని సంగతి ఇదే.

పట్టించుకుంటారా అని అడిగారు. ఆ డెక్కనోలెస్టిస్ పూర్తి పేరులో 'హిస్లోపి' అని ఉంటుంది. నాగపూర్‌లో మత ప్రచారకుడిగా ఉంటూ ఇలాంటి పొరల్లో శిలాజాలు ఏరి, 1860లో వాటి మీద వ్యాసం రాసిన స్టీఫెన్ హిస్లోప్ పేరది. ఆయన ఉద్యోగం ఇది కాదు కదా. మన కాలంలో చూడండి, మధ్యప్రదేశ్‌లోని ధార్ జిల్లాలో విశాల్ వర్మ అనే బడి టీచర్ నర్మద లోయ అంతా తిరిగి డైనోసార్ గుడ్లు వెతికారు. 2023లో ప్లోస్ వన్ పత్రికలో 92 గూళ్లు, 256 గుడ్ల మీద వ్యాసం వచ్చింది. రచయితల్లో ఆయన పేరుంది, నస్కల్ ప్రసాద్ గారి పేరూ ఉంది. ఒక టీచర్‌గా నాకు అది ఎంత గర్వమో చెప్పలేను.

బండ్లగూడలో జియలాజికల్ సర్వే ఆఫీసు ఉంది, లేదా ఓయూ జియాలజీ విభాగానికి మెయిల్ రాయండి. నత్త ఫోటో ఒక్కటే కాకుండా పొర ఫోటో తప్పకుండా జత చేయండి, వాళ్లు ముందు చూసేది అదే. పరిశోధనకు వాడితే నమూనా ప్రభుత్వ సంస్థలోనో, యూనివర్సిటీలోనో నంబరుతో ఉండిపోవాలి. రేపు ఇంకొకరు వచ్చి తనిఖీ చేసుకునే వీలుండాలి కదా. కాబట్టి తిరిగివ్వమని అడగకండి, ఇచ్చినట్టు కాగితం మాత్రం తీసుకోండి.

కూకట్‌పల్లి గృహిణి:
మాస్టారూ, మా ఇంట్లో పరిచిన తాండూరు బండ మీద నల్లగా ఫెర్న్ ఆకులా ఉంది. అదీ శిలాజమేనా?

రాళ్ల మాస్టారు:
కాదమ్మా. మాంగనీసు కలిసిన నీరు పగుళ్లలోకి పాకి అలా కొమ్మలు కొమ్మలుగా గడ్డకడుతుంది. తాండూరు రాయి నేల మీద మొక్కలు పుట్టకముందుది. పిల్లలకు అసలైనది చూపించాలంటే బిర్లా సైన్స్ సెంటర్‌కు తీసుకెళ్లండి, పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లిలో దొరికిన కోటసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం అక్కడ నిలబెట్టారు.

ఓయూ జియాలజీ:
ఒక్క మాట అన్నా. సొంత పొలం కాబట్టి మీకు ఇబ్బంది లేదు. ప్రాణహిత నది వైపు అడవుల్లో మాత్రం అటవీ శాఖ అనుమతి లేకుండా ఏదీ ఏరకూడదు.

లింగంపల్లి వాసి:
చాలా థ్యాంక్స్ మాస్టారూ, తమ్ముడూ. మామగారికి ఇప్పుడే ఫోన్ చేశాను. గట్టు మీది రాళ్లు బాటకు పోయిస్తానని ట్రాక్టర్ అతను బేరమాడుతున్నాడట, వద్దని చెప్పించాను. బావిలో ఊట మొదలైందట, పొర మునగక ముందే శనివారం టేపు పట్టుకుని వెళ్తున్నాను. ఫోటోలు ముందు ఇక్కడ పెడతాను, మెయిల్ పంపే ముందు మీరిద్దరూ ఒకసారి చూడండి.