పొయ్యి వెలిగించని రాజ్మా-మొక్కజొన్న డిప్ నీళ్లు వదలకుండా ఎలా?

తిరుపతిలో ఇంటి ఫంక్షన్, 20 మందికి. ఉడికిన రాజ్మా 400 గ్రాముల టిన్నులు రెండు, స్వీట్‌కార్న్ టిన్ను ఒకటి, గుడ్డలో కట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో వేలాడదీసిన పెరుగు 300 గ్రాములు, చీజ్ స్ప్రెడ్ 100 గ్రాములు, జీలకర్ర పొడి, నిమ్మరసం. రాజ్మా కడిగి, వార్చి, సగం మెదుపుతున్నా.

కలిపిన గంటకే గిన్నె అంచు చుట్టూ పల్చటి నీళ్లు తేలుతున్నాయి. ఉల్లి, టమాటా ఉప్పు తగిలితే నీరు వదులుతాయి, అందుకే వాటిని వడ్డించే ముందే వేస్తున్నా. అసలు చిక్కు మొక్కజొన్నతోనే: గుడ్డమీద ఆరబెట్టినా తడి పోవడం లేదు. సగం గింజలు రుబ్బితే చిక్కబడుతుందా, ఇంకా జారవుతుందా? చీజ్ పెంచితే మరీ జిడ్డు. ఈ ఎండల్లో పచ్చిగుడ్డు మయోనైజ్ మాత్రం చెప్పకండి. గిన్నెను ఐసుముక్కల తట్టలో పెడతాం. నిప్పట్టు (బియ్యప్పిండి చెక్క)తో ముంచితే కారకూడదు, అంతే.