అప్‌డేట్: జాన్ హన్నా మళ్లీ యుద్ధంలో ఎగిరాడా? జవాబు దొరికింది

1940 సెప్టెంబరు 15 రాత్రి బెల్జియంలోని ఆంట్‌వెర్ప్ మీద దాడిలో మంటలంటుకున్న బ్రిటిష్ హాంప్‌డెన్ బాంబర్‌లోని వైర్‌లెస్ ఆపరేటర్ జాన్ హన్నా తర్వాత మళ్లీ దాడులకు వెళ్లాడా అని అడిగాను. సాయం చేసిన అందరికీ థాంక్స్.

లండన్ గెజెట్‌లో (బ్రిటన్ ప్రభుత్వ అధికారిక పత్రిక) అతనికిచ్చిన విక్టోరియా క్రాస్ (బ్రిటన్ అత్యున్నత సాహస పతకం) ప్రకటన చదవమన్న సలహాయే పనికొచ్చింది. తూటాలు పేలుతుంటే పది నిమిషాలు మంటలతో పోరాడాడు. ఎక్స్‌టింగ్విషర్లు ఖాళీ అయ్యాక లాగ్‌బుక్‌తో కొట్టి ఆర్పాడు. ఒళ్లు కాలినా ముందుకు పాకి, దూకేసిన నావిగేటర్ మ్యాపులు తెచ్చి పైలట్‌కి అందించాడు. అప్పటికి 18 ఏళ్లు! ఇది చదివాక కాసేపు ఏమీ తోచలేదు.

కాలిన గాయాల వల్లే చనిపోయాడేమో అన్న నా అనుమానం తప్పు. తర్వాత క్షయ సోకింది, ఆరోగ్యం కుదుటపడలేదు, మళ్లీ దాడులకు వెళ్లలేదు, 1942 డిసెంబరులో పూర్తి వైకల్య పింఛనుతో వైమానిక దళం నుంచి పంపేశారు. 1947 జూన్‌లో, 25 ఏళ్లకే పోయాడు.

విమానం నంబరు కోసం నేను పడ్డ తంటా ఈ ప్రకటన వెతకడానికి అక్కర్లేదు. పేరు, గెజెట్ తేదీ (1940 అక్టోబరు 1) ఉంటే చాలు.