సాల్మొనెల్లా, పాలిమిక్సిన్-బి: మెగ్నీషియం తగ్గించిన కల్చర్‌లో ఫలితం రోజుకో రకం

ప్రశ్న:
సాల్మొనెల్లా టైఫీమ్యూరియం బ్యాక్టీరియా. ఎన్-మినిమల్ మీడియం (కనీస పోషకాలే ఉన్న పెంపక ద్రవం), పీహెచ్ 7.4. ఒక ఫ్లాస్కులో మెగ్నీషియం 10 మిల్లీమోలార్, ఇంకోదాంట్లో 10 మైక్రోమోలార్. రాత్రి కల్చర్ 10 మిల్లీమోలార్‌లోనే పెంచి, 1:50 పలుచన చేసి రెండింట్లో వేస్తున్నాను. నాలుగు గంటలయ్యాక, కణాలున్న మీడియంలోనే పాలిమిక్సిన్-బి (యాంటీబయాటిక్) మి.లీ.కి 2 మైక్రోగ్రాములు, గంటసేపు. తక్కువ మెగ్నీషియంలో పెరిగినవి ఎక్కువ బతకాలి కదా. ఒకరోజు అలాగే వస్తోంది, మర్నాడు తేడాయే ఉండట్లేదు. మధ్యలో మ్యూటెంట్ (జన్యువు మారి మందుకి లొంగనిది) ఏమైనా దూరిందా?

జవాబు 1:
మ్యూటెంట్ సంగతి తర్వాత, ముందు లెక్క చూడండి. 10 మిల్లీమోలార్ కల్చర్‌ని కడగకుండా 1:50 వేస్తే దాంతోపాటు 200 మైక్రోమోలార్ మెగ్నీషియం వెళ్తుంది. మీరు కావాలనుకున్నదానికి ఇరవై రెట్లు! మెగ్నీషియం కొరతని పసిగట్టే ఫోక్యూ ప్రోటీన్‌కి అది తెలిసేదెలా?

5,000 జీ దగ్గర 5 నిమిషాలు తిప్పి, పైద్రవం తీసేసి, మెగ్నీషియం లేని ఎన్-మినిమల్‌లో కలపండి. ఇలా మూడుసార్లు. ప్రతిసారీ 1 మి.లీ.లో 50 మైక్రోలీటర్లు మిగిలినా మొత్తం 8,000 రెట్లు పలచబడుతుంది. ఈడీటీఏ (మెగ్నీషియంని పట్టేసే రసాయనం) మాత్రం వాడొద్దు, అది కణం బయటి పొరలోని ఎల్‌పీఎస్‌నే (లైపోపాలీశాకరైడ్) ఊడదీస్తుంది.

జవాబు 2:
పైవారు చెప్పింది సగం. మిగతా సగం, మందు ఎక్కడ కలుపుతున్నారన్నది.

బయటి పొరలో పక్కపక్కనున్న ఎల్‌పీఎస్ అణువుల ఫాస్ఫేట్లు రుణావేశంతో ఒకదాన్నొకటి తోసుకుంటాయి. మధ్యలో మెగ్నీషియం కూర్చుని కట్టి ఉంచుతుంది. ధనావేశమున్న పాలిమిక్సిన్ దాన్ని తోసేసి ఆ చోట్లోనే దిగుతుంది. మెగ్నీషియం కరువైతే ఫోక్యూ, జీన్లని నడిపే ఫోపీ ప్రోటీన్‌ని లేపుతుంది. అక్కణ్నుంచి పీఎంఆర్‌డీ, పీఎంఆర్‌ఏ ప్రోటీన్ల మీదుగా ఆర్న్ జీన్లు పనిలోకి దిగి, ఎల్‌పీఎస్‌లో భాగమైన లిపిడ్-ఏ ఫాస్ఫేట్‌కి అమైనోఅరబినోజ్ అనే చక్కెర తగిలిస్తాయి. రుణావేశం తగ్గుతుంది, మందుకి పట్టు దొరకదు. పాగ్‌పీ ఎంజైమ్ ఇంకో పాల్మిటేట్ (కొవ్వు ఆమ్లం) గొలుసు చేర్చి పొరని బిగిస్తుంది.

మీ 10 మిల్లీమోలార్ ఫ్లాస్కులో ఈ మార్పులేవీ లేకపోయినా, అంత మెగ్నీషియం మందుతో నేరుగా పోటీపడి కణాలని కొంత కాపాడుతుంది. అంటే రెండు ఫ్లాస్కుల్లోనూ రక్షణే, కారణాలు వేరు. కాబట్టి పెంచడం వేరువేరుగా, మందు పెట్టడం మాత్రం రెండింటికీ ఒకే ద్రవంలో. పక్కన ఫోపీ తీసేసిన స్ట్రెయిన్ తప్పకుండా ఉండాలి, లేకపోతే దేన్నీ నమ్మలేం.

అడిగినవారు:
కడగడం లేదు, నిజమే. మ్యూటెంట్ కాదని తేల్చడమెలాగండి?

జవాబు 2:
బతికిన కాలనీని 10 మిల్లీమోలార్‌లో అయిదారు తరాలు పెంచి మళ్లీ పరీక్షించండి. తగిలించిన అమైనోఅరబినోజ్ ఊడిపోవాలని లేదు, కొత్త ఎల్‌పీఎస్ వచ్చేకొద్దీ పాతది తరానికి సగమవుతుంది. అయిదు తరాలకి దాదాపు 3 శాతం మిగులుతుంది. అప్పటికీ చావకపోతే పీఎంఆర్‌ఏ, దాని జంట పీఎంఆర్‌బీ జీన్లని సీక్వెన్స్ చేయించండి.

జవాబు 3:
ఇదే ప్రయోగం ఈ.కోలై కే-12లో చేసి రాలేదని కంగారుపడకండి. దాని పీఎంఆర్‌డీ ఫోపీ-ఫోక్యూ, పీఎంఆర్‌ఏ-పీఎంఆర్‌బీ వ్యవస్థల్ని సరిగా కలపదు, మెగ్నీషియం తగ్గించడం ఒక్కటే చాలదు.

పేషెంట్ ఐసోలేట్‌కి (రోగి నుంచి తీసిన బ్యాక్టీరియాకి) ఎంఐసీ (పెరుగుదలని ఆపే కనీస మందు మోతాదు) చూసేటప్పుడు ఈ మీడియం వాడకూడదు. కాటయాన్-అడ్జస్టెడ్ ముల్లర్-హింటన్ బ్రాత్ ఉన్నది అందుకే: లీటరుకి కాల్షియం 20–25, మెగ్నీషియం 10–12.5 మి.గ్రా. కొలిస్టిన్ (పాలిమిక్సిన్ జాతి మందే) అయితే సల్ఫేట్ ఉప్పే తీసుకోండి, మీథేన్‌సల్ఫొనేట్ వద్దు. మందు పట్టించిన కాగితపు డిస్క్ పెట్టొద్దు, ఆ పెద్ద అణువు అగార్‌లో సరిగా పాకదు.