టెస్లా అసలు చేసిందేమిటి? పాపకు ఎలా చెప్పాలి?

అడిగినవారు: పాప వాళ్ల అమ్మ, ఖమ్మం

నమస్కారం. మా పాప ఎనిమిదో తరగతి. స్కూల్లో నికోలా టెస్లా గురించి ఐదు నిమిషాలు మాట్లాడాలట. వీడియోలు వెతికితే ఎడిసన్‌తో గొడవ, ఊరికే కరెంటు ఇచ్చే టవరు, పావురాలు... ఇవే వస్తున్నాయి. "ఇంతకీ ఆయన ఏం చేశాడమ్మా?" అని పాప అడిగితే చెప్పలేకపోయాను. కరెంటు పని తెలిసినవాళ్లు ఎవరైనా మామూలు మాటల్లో చెబుతారా?

జవాబు: వైండింగ్ మేస్త్రి, తెనాలి

అమ్మా, 27 ఏళ్లుగా మోటార్లకు కాయిల్ చుట్టి బతుకుతున్నాను. మా షాపులో దేవుడి పటాల పక్కనే టెస్లా ఫొటో ఉంటుంది. కాస్త పొడుగ్గా రాస్తాను, ఏమనుకోకండి.

ముందు మీ మిక్సీ చూడండి. తిరిగేటప్పుడు కింది సందుల్లోంచి నీలంగా నిప్పురవ్వలు కనబడతాయి. లోపల తిరిగే భాగానికి కరెంటు అందించడానికి రెండు కార్బన్ ముక్కలు దాన్ని ఒరుసుకుంటూ ఉంటాయి. అవి అరిగిపోతే మిక్సీ ఆగిపోతుంది. ఆస్ట్రియాలోని గ్రాజ్‌లో చదువుకునేటప్పుడు టెస్లా చూసిన గ్రామ్ డైనమో (గ్రామ్ అనే ఆయన చేసిన, కరెంటు పుట్టించే యంత్రం) కూడా ఇలాగే నిప్పులు కక్కింది. ఈ ఒరిపిడి లేకుండా చేయలేమా అని అడిగితే, అది అయ్యే పని కాదని ప్రొఫెసర్ క్లాసులోనే తేల్చేశాడు. టెస్లా మాత్రం వదల్లేదు. 1882లో బుడాపెస్ట్‌లో స్నేహితుడితో పార్కులో నడుస్తుంటే దారి తట్టిందట. అక్కడే ఒక పుల్ల తీసుకుని ఇసుకలో బొమ్మ గీశాడు. ఇది ఆయనే తర్వాత రాసుకున్న సంగతి.

తిరిగే భాగానికి తీగ తగిలించనే వద్దు. ఇదీ ఆయన పట్టుకున్న దారి. చుట్టూ కదలకుండా ఉన్న కాయిళ్లకు ఒకదాని వెనక ఒకటిగా కరెంటు అందితే, వాటి అయస్కాంత శక్తి గుండ్రంగా తిరుగుతుంది. దాంతో లోపల తిరిగే భాగంలో, అంటే రోటర్‌లో, కరెంటు దానంతటదే పుడుతుంది, రోటర్ ఆ శక్తి వెంట పరుగెత్తుతుంది. ఎప్పటికీ అందుకోలేదు. అందుకుంటే రోటర్‌లో కరెంటే పుట్టదు. అందుకే అయస్కాంతం నిమిషానికి 3000 చుట్లు తిరిగితే, మోటారు ప్లేటు మీద 2880 లాంటి అంకె ఉంటుంది.

బోరు మోటారు విప్పినప్పుడు రైతులు రోటర్ చేతిలోకి తీసుకుని "ఇందులో ఒక్క చుట్టు తీగ కూడా లేదేంటన్నా?" అంటారు. ఇనుప రేకుల దిమ్మ, అందులో రాగి కడ్డీలు, రెండు కొసలా రింగులు. అంతే. కార్బన్లు ఉండి ఉంటే 400 అడుగుల లోతున నీళ్లలో ఆ మోటారు ఎన్నాళ్లు తిరిగేది? మార్చడానికి ఎవరు దిగేవారు?

పాపకు ఇది కూడా చెప్పండి. 1884లో అమెరికా వెళ్లి ఎడిసన్ దగ్గర ఆరు నెలలు పనిచేసి మానేశాడు. తర్వాత పెట్టిన కంపెనీలో పెట్టుబడిదారులు ఆయన్ని వదిలేశారు. రోజుకు రెండు డాలర్ల కూలికి గోతులు తవ్వాడు. ఇదంతా బుర్రలో ఆ మోటారు పూర్తిగా ఉన్న మనిషి! తలుచుకుంటే నాకు ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. 1888 మే 1న పేటెంట్లు వచ్చాయి, ఆ ఏడే వెస్టింగ్‌హౌస్ అనే అమెరికా పారిశ్రామికవేత్త వాటి హక్కులు తీసుకున్నాడు.

కండెన్సర్ పోయిన ఫ్యాను ఉంటే పాపకు చూపించండి. స్విచ్ వేస్తే గుర్రుమంటూ నిలబడిపోతుంది. పొడుగాటి చెక్క పుల్లతో మీరు రెక్కను ఎటు తోస్తే అటు అందుకుంటుంది. పాపను మాత్రం దూరంగా ఉంచండి.

జవాబు: రిటైర్డ్ ఇంజనీరు, విజయవాడ

మేస్త్రి గారు చక్కగా చెప్పారు. ఒక్క మాట కలపాలి. ఇటలీలో గెలీలియో ఫెరారిస్ 1885లోనే ఇదే సూత్రం మీద మోటారు చేశాడు, 1888 మార్చిలో ప్రకటించాడు. మీరు చెప్పిన కడ్డీల రోటర్‌తో మూడు ఫేజుల మోటారు చేసింది 1889లో జర్మనీలో డోలివో-డోబ్రోవోల్‌స్కీ. మన పొలాల్లో తిరిగేది దాని రూపమే. ఈ పేర్లు చెబితే టెస్లా గొప్పతనం ఏమీ తగ్గదు.

టవరు కట్టిన మాట అబద్ధం కాదు. న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలండ్‌లో 1901లో మొదలుపెట్టాడు. మోర్గాన్ అనే బ్యాంకరు 1,50,000 డాలర్లు ఇచ్చి, ఆ పైన ఇవ్వనన్నాడు. 1917లో పడగొట్టేశారు. 1943 జనవరి 7న, 86 ఏళ్ల వయసులో, హోటల్ గదిలో ఒంటరిగా పోయాడు.

పాప వాళ్ల అమ్మ, ఖమ్మం

ఇద్దరికీ చాలా థ్యాంక్స్. మా అటక మీద పాత టేబుల్ ఫ్యాను ఉంటే దించాం. మీరు చెప్పినట్టే గుర్రుమంది. పుల్లతో కుడికి తోస్తే కుడికి, ఎడమకు తోస్తే ఎడమకు! పాప పదిసార్లు చేయించింది. అసలు ఆ తోపు ఎందుకు కావాలి అని ఇప్పుడు దాని ప్రశ్న.

వైండింగ్ మేస్త్రి, తెనాలి

మంచి ప్రశ్న తల్లీ. ఇంటి కరెంటు ఒకే ఫేజు. ఒక్క కాయిల్‌తో అయస్కాంతం అటూ ఇటూ ఊగుతుంది గానీ గుండ్రంగా తిరగదు. కండెన్సర్ రెండో కాయిల్‌లో కరెంటును కాస్త ముందుకు జరుపుతుంది. అప్పుడు ఒకదాని వెనక ఒకటి వచ్చి, తిరుగుడు మొదలవుతుంది. 1888లో టెస్లా చూపించిన మోటార్లకు కూడా ఇలా ముందూ వెనకా వచ్చే రెండు కరెంట్లే.

అమ్మా, కొత్త కండెన్సర్ కొనేటప్పుడు పాతదాని మీద ఉన్న అంకె చూసి అదే అడగండి. విప్పేముందు ప్లగ్గు తీసేయండి.