బోరు నీళ్ల ట్యాంకుకు బీసీ547 సర్క్యూట్: రిలే టకటక కొట్టుకుంటోంది, రాగి తీగె 20 రోజులకే తెగుతోంది

దేవరకొండ_బోరు (ప్రశ్న)

ఇంటి మీద వెయ్యి లీటర్ల ట్యాంకు. నిండంగనే మోటరు బందు కావాలె. మొదట బజర్‌తో కట్టిన: 12 వోల్టుల అడాప్టర్, ప్లస్ నుంచి ఒక రాగి తీగె నీళ్లలకు, ఇంకో తీగె 1కె రెసిస్టర్ మీదుగా బీసీ547 ట్రాన్సిస్టర్ బేస్‌కు, ఎమిటర్ మైనస్‌కు. అది బాగనే పని చేసింది. బజర్ తీసి 12 వోల్టుల రిలే (కాయిల్‌కు కరెంటిస్తే పట్టుకునే స్విచ్) పెట్టినంక మూడు లొల్లులు మొదలైనయి.

నీళ్లు తీగె దాకా రాంగనే రిలే టకటకమని కొట్టుకుంటది. ఇప్పటికి రెండు బీసీ547లు పోయినయి. బేస్ తీగె మీద తెల్లగ సున్నం పేరుకుంటది, ప్లస్ తీగె పచ్చగయి, సన్నబడి, ఇరవై రోజులల్ల తెగిపోతది. నీళ్లు కిందికి దిగినా ఒక్కోసారి రిలే వదలదు. మోటరు 1 హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్. ఏం మార్చాలె?

పాలమూరు_సోల్డర్

ముందు ట్రాన్సిస్టర్ సంగతి. రిలే కాయిల్‌కు డయోడ్ పెట్టినట్టు ఎక్కడా రాయలేదు. బజర్‌కు అవసరం పడలేదు, రిలేకు తప్పదు. కాయిల్‌లో కరెంటు ఆగిన క్షణాన వెనక్కి తన్నే వోల్టేజి 45 వోల్టులు దాటుతుంది, బీసీ547 ఓర్చుకునేది అంతే. మీ రిలే కొట్టుకుంటున్న కొద్దీ ఆ తన్ను పదే పదే పడుతోంది. కాయిల్ రెండు పిన్నుల మధ్య 1ఎన్4007 డయోడ్ పెట్టండి, తెల్ల గీత ప్లస్ వైపు ఉండాలి. తిప్పి పెడితే ప్లస్ నేరుగా ట్రాన్సిస్టర్ మీద పడి ఇంకో బీసీ547 పోతుంది. పిన్నులూ ఓసారి చూసుకోండి: చదును ముఖం మీ వైపు పెడితే ఎడమ నుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్. పీఎన్2222 దొరికిందని అదే తీరుగా గుచ్చకండి, దాని వరుస తిరగేసి ఉంటుంది.

ఇక తీగె. అది తుప్పు కాదు, ఎలక్ట్రోలిసిస్. నీళ్ల గుండా ఒకే దిక్కున కరెంటు పోతే ప్లస్ వైపు రాగి కరిగి నీళ్లల్లో కలుస్తుంది, మైనస్ వైపు క్షారం పుట్టి నీళ్లలోని కాల్షియం సున్నంలా అంటుకుంటుంది. మన వైపు బోరు నీళ్లు గట్టి నీళ్లు కాబట్టి రెండూ జోరుగా జరుగుతాయి. లెక్క వేసి చూడండి: 2 మిల్లీఆంపియర్లు రోజంతా పోతే 20 రోజుల్లో దాదాపు 1 ఆంపియర్-అవర్. ఒక్క ఆంపియర్-అవర్‌కు కరిగే రాగి సుమారు 1.2 గ్రాములు. 1 చదరపు మిల్లీమీటరు తీగె మీటరుకు 9 గ్రాములు తూగుతుంది, అంటే 13 సెంటీమీటర్ల తీగె మీ ట్యాంకు నీళ్లలో కలిసిపోయినట్టే. ఆ నీళ్లు తాగేవైతే ఈ పద్ధతి ఇవాళే ఆపండి.

తీగె బదులు స్టీలు బోల్టు పెట్టినా ఇదే కరెంటు పోతే అదీ తినిపోతుంది, కాకపోతే మెల్లగా. మందు ఏమిటంటే నీళ్లల్లోకి డీసీ (ఒకే దిక్కున పోయే కరెంటు) పోనివ్వకపోవడం.

సర్క్యూట్_మిర్యాల

ఆ డీసీ ఆపే సర్క్యూట్ ఇది. నాలుగు గేట్లుండే సీడీ4093 చిప్ ఒక్కటి చాలు, 14వ పిన్ను ప్లస్, 7 మైనస్.

మొదటి గేట్ ఆసిలేటర్, అంటే వోల్టేజిని ఆగకుండా పైకీ కిందికీ మార్చేది: 1, 2 పిన్నులు కలిపి, అక్కడి నుంచి 10 నానోఫారడ్ కెపాసిటర్ మైనస్‌కు, 100కె రెసిస్టర్ 3వ పిన్నుకు. సుమారు 1 కిలోహెర్ట్జ్ వస్తుంది. 3వ పిన్ను నుంచి 10కె, తర్వాత 100 నానోఫారడ్, అక్కడి నుంచి మొదటి ప్రోబ్ (నీళ్లలోకి వేలాడే స్టీలు బోల్టు). రెండో ప్రోబ్ నుంచి ఇంకో 100 నానోఫారడ్. దాని అవతలి కొనకు రెండు 1ఎన్4148 డయోడ్లు: ఒకదాని గీత ఉన్న కొన ఈ కొనకు, మరో కొన మైనస్‌కు, రెండోది ఈ కొన నుంచి బయలుదేరి గీత వైపు 47 మైక్రోఫారడ్ కెపాసిటర్ ప్లస్ కొనకు, దాని మైనస్ కొన మైనస్‌కు. ఆ కెపాసిటర్‌కు అడ్డంగా 220కె. ఆ ప్లస్ కొనను 5, 6 పిన్నులకు ఇవ్వండి. 4వ పిన్ను నుంచి 10కె మీదుగా బీసీ547 బేస్. మిగిలిన 8, 9, 12, 13 పిన్నులు మైనస్‌కు కలపాలి. గాల్లో వదిలితే చిప్ వేడెక్కి పిచ్చిపిచ్చిగా ప్రవర్తిస్తుంది. చాలామంది మరిచేది ఇక్కడే.

నీళ్లు తగిలితే 4వ పిన్ను సున్నా అయి రిలే వదులుతుంది. నీళ్లు లేనంతసేపు రిలే పట్టుకునే ఉంటుంది. ఇలా కావాలనే పెట్టాను: అడాప్టర్ పోయినా మోటరు ఆగుతుంది, ట్యాంకు పొంగిపొర్లదు. ప్రోబ్ తీగె తెగితే మాత్రం ఇది కాపాడదు, నీళ్లు లేవనే అనుకుంటుంది.

220కె, 47 మైక్రో కలిసి నీళ్లు దిగాక ఎనిమిది సెకన్ల దాకా ఆగుతాయి కాబట్టి పైపు పోసే అలలకు రిలే కొట్టుకోదు. మీ పాత సర్క్యూట్‌లో నీళ్లు దిగినా రిలే వదలకపోవడానికి కారణం రెండు ప్రోబ్‌ల మధ్య తడి, ఉప్పు పొర. దానికి సర్క్యూట్ కన్నా అమరికే ముఖ్యం. రెండు బోల్టులనూ ఒకే పీవీసీ ముక్కకు బిగించకండి. ఐదు సెంటీమీటర్లు దూరంగా, వేర్వేరు తీగెలకు, పైపు నీళ్లు మీద పడని మూల వేలాడదీయండి.

దేవరకొండ_బోరు

కట్టిన అన్నా. రిలే పట్టుకున్నది కానీ రెండు బోల్టులు గ్లాసు నీళ్లల ముంచినా వదలట్లేదు. 3వ పిన్ను మీద మీటర్ల 12 వోల్టులు చూపిస్తుంది.

సర్క్యూట్_మిర్యాల

3వ పిన్ను దగ్గర డీసీ మీటరు సగం, అంటే 6 వోల్టులు చూపాలి. నిలకడగా 12 గానీ సున్నా గానీ వస్తే ఆసిలేటర్ నడవట్లేదు. 1, 2 పిన్నులు కలిపారా, 100కె అవతలి కొన 3వ పిన్నుకు సరిగా అతికిందా చూడండి.  6 వచ్చాక బోల్టులు రెండింటికీ ఒక చెంచా ఆనించండి. 47 మైక్రో మీద 10 వోల్టుల దగ్గరికి రావాలి, రాకపోతే డయోడ్ తిరగబడింది.

గ్లాసులో పోసినవి ఆర్వో క్యాన్ నీళ్లయితే అవి కరెంటును సరిగా పోనివ్వవు. ట్యాంకు నీళ్లతోనే పరీక్షించండి.

పాలమూరు_సోల్డర్

మోటరు దగ్గర జాగ్రత్త. ఆ చిన్న రిలే మీద 10 ఆంపియర్లని రాసి ఉన్నా, 1 హెచ్‌పీ మోటరు స్టార్టయ్యేటప్పుడు లాగే కరెంటు దానికన్నా చాలా ఎక్కువ. కాంటాక్టులు అతుక్కుపోతే ఇక బందు కాదు. ప్యానెల్‌లో కాంటాక్టర్ (మోటరును కలిపే పెద్ద రిలే) ఉంటే మీ చిన్న రిలే ఎన్‌ఓ కాంటాక్టును, అంటే రిలే పట్టుకున్నప్పుడే కలిసే దాన్ని, కాంటాక్టర్ కాయిల్‌కు వరుసలో పెట్టండి. మెయిన్ తీసి, టెస్టర్‌తో చూసుకున్నాకే చెయ్యి పెట్టాలి. అడాప్టర్ కాంటాక్టర్‌కు ముందు వైపు నుంచే తీసుకోండి, లేకుంటే మోటరు స్టార్టే కాదు. స్టార్ట్ బటన్ నొక్కాక తానే పట్టుకునే కాంటాక్టర్ అయితే ఒకసారి ఆగిన మోటరు మళ్లీ బటన్ నొక్కేదాకా లేవదు. కాబట్టి మోటరు మాటిమాటికీ లేవకుండా కింద ఇంకో ప్రోబ్ పెట్టక్కర్లేదు. కొన్ని చిన్న ప్యానెల్స్‌లో కాంటాక్టరే ఉండదు, బటనే స్టార్ట్ కెపాసిటర్‌ను కలుపుతుంది. అలాంటివాటికి విడిగా కాంటాక్టర్ బిగించే పని ఎలక్ట్రీషియన్‌కే వదలండి.

నల్లగొండ_ఫ్లోట్

ఇంత దూరం ఎందుకు, 12 వోల్టుల రీడ్ ఫ్లోట్ స్విచ్ (కాడ మీద తేలే బూరలోని అయస్కాంతంతో పనిచేసేది) వేస్తే సరి.

సర్క్యూట్_మిర్యాల

వేయొచ్చు, తీగె కరిగే బాధా ఉండదు. కానీ గట్టి నీళ్లల్లో బూరకూ కాడకూ మధ్య సున్నం పట్టి ఫ్లోట్ ఇరుక్కుంటుంది. అప్పుడప్పుడు నిమ్మ ఉప్పు నీళ్లలో నానబెట్టి కడగాలి. మెట్లెక్కి ఆ పని చేసే ఓపిక ఉంటే అదే సులువు.

దేవరకొండ_బోరు

1, 2 పిన్నులు కలవనే లేదు. కలిపినంక 3వ పిన్ను మీద 6.1. చెంచా ఆనిస్తే 47 మైక్రో మీద 10.2 వచ్చింది, రిలే వదిలింది. ప్యానెల్ తెరిచి చూసిన, కాంటాక్టర్ లేదు.